కిరాయి అర్రకు భజన

మా భజన మండలి మగోళ్ళకు ఎప్పుడు చూసినా ఒకటే రంది. వయసు పిల్లలు గుడికి వస్తలేరని. శనివారం పొద్దుమీకి భజన అయిపోంగనే తాళాలు సంచిల ఏసుకుంట మా బావ మొదలువెట్టేటోడు. "ఇప్పటి పిల్లలకు దేవుడు అక్కర లేదు, ఫోనొక్కటి ఉంటే సాలు. మేం పోయినంక ఈ పాటలు ఎవలు పాడతరు?" మా బావ అంటే నా పెనిమిటికి సొంత అన్న. మండలికి పెద్ద. ఆయన ఎత్తుకుంటేనే పాట, ఆయన లేస్తేనే మంగళహారతి. పక్కనున్న ముసలోళ్ళు అవునవునని తలలూపేటోళ్ళు.

ఆడోళ్ళ సాప మీద కూసోని ఇదే ముచ్చట ఇని ఇని నాకు యాష్టకొచ్చింది. వస్తలేరా? వస్తనే ఉన్నరు. వచ్చినోళ్ళను మీరేం జేస్తున్నరో జర చూసుకోరాదు, అని మొదట కడుపుల అనుకునేదాన్ని. తర్వాత కడుపుల అనుకునుడు బందువెట్టిన. నోటితోటే అన్న. అందుకే మా కాలనీల నన్ను ఉలిపికట్టె అంటరు. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని. అననీ.

మాది పాత ఊరు కాదు. పాత ఊరు విమానాశ్రయం గోడ లోపలికి పోయింది. మా టమాటా చెలక, మా బావి, మా ఇండ్లు అన్నీ పోయినయి. శంషాబాద్ పక్కన ప్లాట్లు చూపెడితే ముందుగాల రేకులు ఏసుకున్నం, తర్వాత స్లాబులు పోసుకున్నం. ఆంజనేయస్వామిని ట్రాక్టర్ మీద తెచ్చుకొని ఇంత గుడి కట్టుకున్నం. 2008ల విమానాలు దిగుడు షురువైనంక మా నెత్తి మీదికెల్లి పోతుంటే పాట నడిమిట్ల ఇనరాకపోయేది, మా బావ కండ్లు మూసుకొని ఇంకింత గట్టిగ పాడేటోడు. సేద్యం లేకపాయె కాబట్టి నా పెనిమిటి కాటేదాన్ల బిస్కెట్ల కంపెనీకి పోవట్టిండు. నేను ఇంటెనుక వరుసగ అర్రలు ఏయించి కిరాయికి ఇచ్చిన.

ఆ అర్రలల్ల ఉండేది అంతా ఏర్‌పోర్ట్‌ల పనిచేసే పిల్లలే. బ్యాగులు ఎత్తేటోళ్ళు, విమానాలు ఊడ్చేటోళ్ళు, గేటు కాడ నిలబడేటోళ్ళు. అందరికి ఇరవై, ఇరవై రెండు, గంతే. పాలమూరు నుంచి కొందరు, నల్లగొండ దిక్కుకెల్లి కొందరు, ఆంధ్రా నుంచి ఒకరిద్దరు. తల్లిదండ్రులను ఇడిసిపెట్టి వచ్చినోళ్ళు. శనివారం గుడి కాడ మద్దెల సప్పుడు ఇనపడితే ఒక్కొక్కలే వచ్చి, బూట్లు ఇడిసి, ఎనుక నిలబడేటోళ్ళు.

నిలబడంగనే సవాళ్ళు. ఏ ఊరు? ఎవలింట్ల ఉంటవ్? మీరు ఏమోళ్ళు? పెండ్లయిందా? జీతమెంత? ఇంకా దేవునికి దండం గూడ పెట్టలేదు పాపం. ఇవన్నీ అయినంక, "మైకు సరిగ వస్తలేదు, నీకు తెలుస్తది గద, జర చూడు" అనేటోళ్ళు. హనుమాన్ జయంతికి గిన్నెలు మోసుడు వాళ్ళే, లైట్లు కట్టుడు వాళ్ళే, ఎంగిలాకులు ఎత్తుడు వాళ్ళే. పనికి పిలిచినప్పుడు "మన పిల్లలు." పాటకు కూసున్నప్పుడు "కిరాయోళ్ళు." చెప్పుల కాడ జాగ సూపెట్టేటోళ్ళు. రెండు శనివారాలు వచ్చి మూడోసారి రాకుంటే ఇగో ఈ ఏడుపు, పిల్లలు వస్తలేరని. ఆడరాక మద్దెల ఓడన్నట్టు.

మా నడిమి అర్రల ఒక పిల్ల దిగింది. శ్రీకాకుళం దిక్కు పిల్ల. విమానం దిగిన ముసలోళ్ళను చక్రాల కుర్చీల కూసోబెట్టి బయటిదాక తోసుకొచ్చే నౌకరి. సన్నగ ఉంటది, మాట మెత్తగ, అన్నిటికి "అండి" అంటది. నన్ను మొదట ఆంటీ అన్నది. "ఆంటీ గీంటీ ఏంది, అక్కా అను" అన్న. ఆ రోజుకెల్లి అక్కా అనే పిలిచేది.

మొదటి శనివారం డ్యూటీ దిగి, ప్యాంటు షర్టు మీదనే సక్కగ గుడికి వచ్చింది. మా బావ పాట ఆపి, "గుడికి గిట్లనా వచ్చేది?" అన్నడు. ఆ పిల్ల ఎనుకకు అడుగేసింది. నాకు మండింది. "బావా, స్వామి ఒంటి మీద ఏమున్నదో ఒకసారి చూడు, గోచి తప్ప ఇంకేమన్న ఉన్నదా? ఆయన గూడ డ్యూటీ బట్టల మీదనే ఉన్నడు" అన్న. ఆడోళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్విన్రు. నేను సాప మీద జరిగి, ఆ పిల్లను చెయ్యివట్టి నా పక్కన కూసోబెట్టుకున్న. పక్కనామె ఏ ఊరు అని మొదలువెట్టబోతే మోచేతితోటి పొడిచిన. అడిగితే "అన్నం తిన్నవా" అని అడుగు, తక్కినయి ఆమె చెప్పినప్పుడు ఇందువు గని, అన్న.

ఇగ ప్రతి శనివారం డ్యూటీ లేకుంటే వచ్చేది. గొంతెత్తి పాడేది కాదు, తాళానికి చప్పట్లు కొట్టేది. భజన అయినంక ఇంటిదాక నాతోటి నడుసుకుంట వాళ్ళ నాయిన ముచ్చట చెప్పేది. జీడితోటల కూలికి పోతడట. బిడ్డ విమానాల కాడ పనిచేస్తదని ఊరందరికి చెప్పుకుంటడట. ఫోన్ల ఆయన అడిగే మొదటి మాట, ఇయ్యాల ఎంతమందిని తోసినవ్ అని.

ఆ రోజులల్ల తెలంగాణ కొట్లాట జోరు మీదున్నది. బందులు, రాస్తారోకోలు, రైళ్ళ పట్టాల మీద కూసునుడు. నేను గూడ రోడ్డు మీద కూసున్నదాన్నే, తప్పని ఏనాడు అనుకోలేదు, ఇప్పుడు గూడ అనుకోను. గని రైళ్ళు ఆగిన ఆ రోజులల్లనే ఆ పిల్లకు ఫోన్ వచ్చింది. నాయినకు గుండె ఆగిపోయిందని. బస్సులు లేవు, రైలు లేదు. ఎవలెవలినో పట్టుకొని, లారీ ఎక్కి, ఇంకేదో ఎక్కి పోయింది. ఆమె చేరేటాళ్ళకు దహనం అయిపోయింది. నాయిన మొహం సూడలేదు.

సెలవు ఎక్కువ ఇయ్యలేదు. దినాలు కాకముందే తిరిగొచ్చి నా అర్రల కూసున్నది. రైలు మీవల్ల ఆగింది అని ఒక్కమాట అనలేదు. అంటే జర నాకు మంచిగుండేదేమో. అనలేదు. నేను అన్నం పెడితే తినేది, పెట్టకుంటే లేదు.

శనివారం మద్దెల సప్పుడు ఇని లేచింది. "అక్కా, నేనూ వస్తాను. కాసేపు మనుషుల మధ్య కూర్చోవాలని ఉంది" అన్నది. తీసుకపోయిన. గుడి మెట్ల కాడ మా బావ చెయ్యి అడ్డం పెట్టిండు. "అంటు ఉన్నది. మెట్లు ఎక్కద్దు" అన్నడు. నేను పిల్లను ఎనుకకు తీసుకున్న. చావు అంటు మాకు గూడ ఉంటది, ఎవలం ఎక్కం. రివాజు రివాజే.

గని మా రివాజుకు రెండో కాలు గూడ ఉన్నది. ఎవలింట్ల చావైతే, దినాలు అయినంక వచ్చే శనివారం ఆ ఇంటోళ్ళు కొబ్బరికాయ తీసుకొని గుడికాడికి పోయి మెట్ల కింద నిలబడి పిలవాలె. మండలి మొత్తం లేచి ఆ ఇంటికి వచ్చి భజన జేస్తది. దుఃఖంల ఉన్నోళ్ళను నడిమిట్ల కూసోబెట్టి పాడతరు. ఆడికి అంటు పోయినట్టు, ఆ ఇల్లు మల్ల ఊళ్ళె కలిసినట్టు. నా అత్త పోయినప్పుడు గట్లనే జేసిన్రు. ఆ భజన అయినంకనే నేను మల్ల నిదుర పోయిన. అందుకే ఆ పిల్లకు ధైర్యం చెప్పిన. "పదిదినాలు ఓర్సుకో బిడ్డా, మండలే నీ దగ్గరికి వస్తది" అని.

దినాలు అయిపోయినయి. ఇంటి పెద్ద పోవాలె కాబట్టి నేనే కొబ్బరికాయ పట్టుకొని పోయిన. మా బావ కాయ దిక్కు సూసిండు గని ముట్టలేదు.

"కిరాయి అర్రకు భజన రాదు" అన్నడు. "సొంత ఇల్లు, ఇంటికి కడప ఉన్నోళ్ళకే. ఆమెకు ఈడ కడప యాడిది?"

"నా ఇంట్ల అర్ర అది, బావా. కడప నాది."

"నీ ఇంట్ల చావు కాలేదు గద. కిరాయోళ్ళు ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు. ఒకలకు పోతే రేపు అందరు అడుగుతరు."

"అడగనీ. చావు వచ్చినోళ్ళే గద అడిగేది, ఉత్తగ అడుగుతరా?"

వెనుకకెల్లి ఒక ముసలాయన, "ఆంధ్రా పిల్లకు మన మండలేంది" అన్నడు. నేను ఆయన దిక్కు తిరిగిన. "మన రాష్ట్రం మనకు రావాలని నీకంటే ఎక్కువసేపు రోడ్డు మీద కూసున్న. గని పిల్ల నాయిన సచ్చిండు, రాష్ట్రం అడిగి సావలేదు" అన్న. నా పెనిమిటి మద్దెల ముందర పెట్టుకొని నేల దిక్కు సూస్తున్నడు. అన్న ముంగట నోరు ఇప్పే మనిషి కాదు. కొబ్బరికాయ పట్టుకొని ఇంటికొచ్చిన.

పిల్లకు చెప్పక తప్పలేదు. ఏడుస్తదనుకున్న, ఏడవలేదు. "గది ఖాళీ చేస్తానక్కా. బుద్వేల్‌లో మాతో పనిచేసే అమ్మాయిలున్నారు, అక్కడికి పోతాను" అన్నది. బట్టలు మడత పెట్టుకుంట ఉండి ఉండి, "ఒక్కటి మాత్రం అర్థం కావట్లేదు. ఇక్కడ నాకు ఇల్లే లేనప్పుడు మైల ఎలా వచ్చింది?" అన్నది. కోపంగ అనలేదు, నిజంగనే తెల్వక అడిగింది.

నాకు కాళ్ళకెల్లి నెత్తిదాక మంట లేచింది. గింత సక్కటి మాట నాకెందుకు తోచలేదు? ఆ పిల్ల పోతే పోనీ, ఈ నౌకరీల పిల్లలు ఏనాటికైనా పోయేటోళ్ళే. గని నాయిన మొహం సూడలేని పిల్ల, అంటు మూటగట్టుకొని నా ఇంట్లకెల్లి పోవుడేంది? గట్ల పోనియ్య అనుకున్న.

అదే కొబ్బరికాయ పట్టుకొని అప్పటికప్పుడు మల్ల గుడికాడికే పోయిన. అందరు కూసోని ఉన్నరు, హార్మోనియం సరి జేసుకుంటున్నరు. మెట్ల కిందనే నిలబడ్డ.

"బావా, ఒక్క మాట అడుగుత. మొన్న ఆ పిల్లను ఎందుకు ఆపినవ్?"

"అంటు ఉండె, ఆపిన."

"అంటు మనిషికా, ఇంటికా?"

"ఇంటికే. ఇంట్ల ఉన్నోళ్ళందరికి. చిన్నపిల్లకు గూడ తెలుసు."

"మరి ఆమెకు ఇల్లున్నదా లేదా?"

మా బావ తెలివైనోడే. నేను యాడికి పోతున్ననో సమజైంది గని అప్పటికే ఆయన మాట బయట పడ్డది. నేను ఇడువలేదు. "ఇల్లు ఉన్నదంటే భజన తీసుకొని రా. ఇల్లు లేదంటే అంటు లేదు, ఇప్పుడే వచ్చి దేవుని ముంగట కూసుంటది. రెండిట్ల ఏదన్నొకటి చెప్పు. అంటు ఏమో ఆమెకు, భజనేమో మనకా? గుడి కట్టకముందు మనకు యాడున్నయి కడపలు? మన కడపల మీద ఇప్పుడు విమానాలు ఉరుకుతున్నయి. రేకుల కింద ఉన్నప్పుడు నా అత్త సచ్చిపోతే నువ్వే వచ్చి పాడినవ్. అప్పుడు కడప అడిగినవా?"

నా అత్త అంటే ఆయనకు తల్లే. మా బావ మొహం ఎర్రగైంది. రివాజు అన్నడు, పెద్దోళ్ళు పెట్టిన పద్ధతి అన్నడు, కిరాయోళ్ళకు గోత్రాలు గూడ తెల్వవు అన్నడు. తాటిచెట్టు ఎందుకెక్కినవ్ అంటే దూడ గడ్డికి అన్నట్టుంది. ఆఖరికి, "నోరు మంచిదైతే ఊరు మంచిదైతదమ్మా" అన్నడు.

"ఊరు మంచిదైతే నా నోరు గూడ మంచిదే, బావా" అన్న. కొబ్బరికాయ ఆ మెట్టు మీదనే కొట్టిన. "పిలుసుడు నా వంతు, పిలిసిన. వచ్చే శనివారం మా ఇంట్ల భజన. వస్తే రండ్రి, లేకుంటే లేదు."

శనివారందాక ఉండమని పిల్లను ఒప్పించిన. ఆ వారమంతా కాలనీల ఇదే లొల్లి. కొందరు నాతోటి మాట్లాడుడు బందువెట్టిన్రు. మంఖాల్‌ల ఉన్న మా అవ్వకు గూడ ఎవలో ఫోన్ జేసి చెప్పిన్రు. ఆమె నాకు ఫోన్ జేసి తిడతదనుకున్న. "అటుకులు ఎక్కువ తే, వచ్చినోళ్ళకు సరిపోవాలె" అని పెట్టేసింది.

శనివారం పొద్దుమీకి నా పెనిమిటి కాటేదాన్ నుంచి వచ్చి, తానం జేసి, మద్దెల దిక్కు సూసుకుంట చానసేపు నిలబడ్డడు. "అన్నకు ఏం చెప్పాలె?" అన్నడు. "నీ ఇష్టం" అన్న. గుడికి పోయిండు. మద్దెల మేకుకే ఉన్నది. మరిచిపోయే మనిషి కాదు, ఇరవై ఏండ్లల్ల ఒక్కనాడు మరువలేదు. ఉత్త చేతులతోటి పోయి అన్న పక్కన కూసున్నడట. నాకు అప్పుడు మా ఆయన మీద పుట్టిన ప్రేమ పెండ్లినాడు గూడ పుట్టలేదు.

నడిమి అర్ర చిన్నది. సాపలు ఏసి, వాళ్ళ నాయిన ఫోటో లేకుంటే ఫోన్‌లున్న బొమ్మనే బియ్యం డబ్బాకు ఆనిచ్చి దీపం పెట్టినం. ఆడోళ్ళ సాప సగానికి సగం మా ఇంటికే వచ్చింది. పక్క అర్రల పాలమూరు పోరగాళ్ళు వచ్చిన్రు, వాకిట్ల నిలబడితే లోపలికి రమ్మని గుంజిన. ఒకడు నాకు మద్దెల వస్తది అన్నడు. యాడాది నుంచి గుడికాడ వైర్లు కట్టిన పోరడు. ఒక్కనాడు ఎవ్వలు వానిని అడగలేదు.

అంతా కూసున్నం. మద్దెల షురువైంది. పాట రాలేదు. నేను పక్కామె దిక్కు సూసిన, ఆమె నా దిక్కు సూసింది. అప్పుడు సమజైంది. మేం ఆడోళ్ళం బతుకంతా పాట అందుకున్నోళ్ళమే గని ఎత్తుకున్నోళ్ళం కాదు. మొదటి వరుస మగోళ్ళది, మాది మారు పాడుడు. మా నోళ్ళల్ల అన్నీ రెండో వరుసలే ఉన్నయి. ఒకామె ధైర్యం జేసి రెండో వరుసకెల్లే మొదలువెట్టింది. ఇంకొకామె ఇంకో పాట రెండో వరుస అందుకున్నది. చావు భజన అని సోయి లేకుంట అందరం నవ్వినం. ఆ పిల్ల గూడ నవ్వింది, నాయిన పోయినంక మొదటిసారి.

నవ్వు ఆగినంక ఆమెనే గొంతు సవరించుకున్నది. వాళ్ళ ఊళ్ళె పాడే రాముని పాట ఎత్తుకున్నది. మేం ఎన్నడు ఇనలేదు. గని మారు పాడుడు మాకు నేర్పాలెనా? ఒక్కసారి ఇంటే సాలు, రెండోసారికి అర్ర అదిరింది. పాడుకుంట పాడుకుంట ఆమెకు ఏడుపు వచ్చింది. ఆమె గొంతు ఆగిన కాడ మేం అందుకున్నం, మేం ఆగిన కాడ ఆమె అందుకున్నది. నేను గూడ ఏడ్సిన. ఎందుకు దాచుకోవాలె?

హారతి అయినంక పలారం. ఇది ఆ ఇంటోళ్ళే పంచాలె, వాళ్ళ చేతితోటే. తింటే అంటు పోయినట్టు. బెల్లం కలిపిన అటుకుల పళ్ళెం ఆమె చేతికి ఇచ్చిన. లోపల అందరికి పెట్టుకుంట వాకిట్లకు వచ్చి ఆగిపోయింది. గేటు అవతల మా బావ నిలబడి ఉన్నడు. చేతులు ఎనుకకు కట్టుకొని. ఆయన పక్కన నా పెనిమిటి. మద్దెల లేని భజన గుడికాడ ఎప్పుడు అయిపోయిందో, ఎప్పుడొచ్చి నిలబడ్డరో మేం సూడలేదు.

నా నాలుక మీద మాటలన్నీ తయారుగ ఉన్నయి. ఆ పిల్ల నన్ను దాటుకొని ముందరికి పోయింది. గేటు తీసి పళ్ళెం ఆయన ముందర పట్టింది.

"ఎవలింటి పలారం ఇది?" అన్నడు మా బావ.

"మా ఇంటిదండి" అన్నది. "మా నాన్న పేరున."

ఆయన ఎనుకకు కట్టుకున్న చేతులు ఇప్పిండు. తర్వాత కుడి చెయ్యి పట్టిండు. ఆమె పిడికెడు పెట్టింది. మెల్లగ నమిలిండు, అటుకులు జర గట్టిగనే ఉన్నయి, గొంతుల పట్టినట్టుంది, దగ్గిండు. నేను నా వంటింటి దిక్కు ఉరికిన నీళ్ళకు.

"నువ్వు ఆగమ్మా" అన్నడు మా బావ. "వాళ్ళింట్ల నీళ్ళు లేవా?"